ఎదురుగా కూర్చుని నేర్చుకున్న చదువు

నా చిన్నప్పుడు మా గడపలోకి ఏ కబురైనా ముందుగా తెచ్చేది పక్కింటి అక్కే. కాలువలోకి కట్టెల పడవలు వచ్చాయన్నా, గుడి కప్పుకు కొత్త తాటాకు వేస్తున్నారన్నా, ఆ అమ్మాయి రొప్పుతూ వచ్చి చెబితేనే మాకు తెలిసేది. ఆ ఏడు నాట్లు అయిపోయి, వానలు కాస్త తెరిపి ఇచ్చిన రోజుల్లో, ఒక సాయంత్రం ఆమె పలక సంచీ ఇంట్లో పడెయ్యకుండానే నేరుగా మా వాకిట్లోకి వచ్చింది.

“అమ్మే, ఒప్పజెప్పే దినం పెట్టినారు మే! క్రిస్మస్ సెలవలకు ముందర. బడికి రాని పిల్లోళ్ళు గూడా రావచ్చంట. మొదటి వాచకం చదివినోళ్ళను చాప మీద గాదు, నేరుగా బల్ల మీద కూర్చోబెడతా అన్నాడు అయ్యోరు.”

తమ్ముడు నా కాళ్ళ మీద అప్పుడే నిద్రలోకి జారాడు. గట్టిగా ఊపిరి పీల్చినా లేచే రకం వాడు. నా గుండె కొట్టుకుంటున్న చప్పుడుకే లేచిపోతాడేమోనని భయమేసింది.

ఇప్పటి పిల్లలకు ఆ బల్ల సంగతి చెప్పాలి. మాది వాకాటికి దిగువన, పడవల కాలువకూ సముద్రానికీ నడుమ ఇసుక మీద కట్టుకున్న చిన్న పల్లె. ఊరంతటికీ ఒకటే పెద్ద తాటాకు పాక. ఆదివారం అది మా గుడి, మిగిలిన రోజుల్లో అదే బడి. అయ్యవారూ ఒక్కరే. వారమంతా పాఠాలు చెప్పి, ఆదివారం వాక్యం చెప్పేవారు. ఆయన భార్యను ఊరంతా అమ్మగారనే పిలిచేది. బడిలో మొదటి తరగతి వాళ్ళకు ఈత చాప, రెండో తరగతి నుంచి బల్లలు. వాచకం పూర్తిచేసిన పిల్ల గుడి పెద్దల ముందు నిలబడి, అయ్యవారు తీసి ఇచ్చిన పేజీని చదివి ఒప్పజెప్పాలి. ఆ తర్వాత ఇంటి నుంచి తెచ్చుకున్న గంపలోని బొరుగులు అనే మరమరాలు, బెల్లం, వేయించిన శెనగలు తన చేత్తోనే అందరికీ పిడికెడు పిడికెడు పెట్టాలి. పెట్టి, వెళ్ళి బల్ల మీద కూర్చోవాలి. క్రిస్మస్ తర్వాత మా పల్లెలో అంతటి పండుగ ఇంకొకటి లేదు.

ఆదివారాల్లో ఆ బల్లల మీద పెద్దవాళ్ళు కూర్చునేవాళ్ళు, పిల్లలం కింద కూర్చునేవాళ్ళం. ప్రార్థనకు అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు నేను చెయ్యి చాపి బల్ల అంచును తడిమి చూసేదాన్ని. అది నున్నగా ఉండేది. దేవుడు చూశాడేమో గానీ మనుషులెవరూ చూడలేదు.

బడికి నేనెందుకు పోలేదంటే, నా కాళ్ళు ఖాళీగా లేవు. మాటవరసకు అనడం లేదు. మా నాయన పడవ మీద సరుగుడు కట్టెలు మద్రాసుకు తోలుకుపోతే వారాల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు. అమ్మ పొద్దున్నే కూలికి పోయేది. ఏడాది నిండని తమ్ముణ్ణి చూసుకోవలసింది నేనే. ఉయ్యాలలో వేస్తే వాడు ఊరు లేచివచ్చేట్టు ఏడ్చేవాడు. నేను గోడకు ఆనుకుని, కాళ్ళు బారజాపి, వాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పాదాలు అటూ ఇటూ ఊపుతుంటేనే నిద్రపోయేవాడు. నిద్రపోయాక కాలు కదిపితే చాలు, కళ్ళు తెరిచి, నేనేదో నేరం చేసినట్టు చూసేవాడు. తిమ్మిరెక్కి కాళ్ళు నావి కాకుండా పోయినా అలాగే కూర్చునేదాన్ని.

పక్కింటి అక్క నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. బడి నుంచి వచ్చి, ఇంత గంజి తాగి, తాను ఎప్పుడో చదివేసిన మొదటి వాచకం పట్టుకుని మా పంచలోకి వచ్చేది. ఎవరూ చెయ్యమనలేదు. తనకు వచ్చింది ఎవరికైనా చెప్పకపోతే ఆ పిల్లకు తోచేది కాదు. మా పంచ సన్నం. నా వెనక గోడ, ఒక పక్క నీళ్ళ కుండలు, ఇంకో పక్క గడప. ఆమె కూర్చోవడానికి మిగిలింది నా పాదాల అవతలి చోటే. అక్కడ బాసింపట్టు వేసుకుని నాకు ఎదురుగా కూర్చుని, పుస్తకాన్ని తన వైపుకు తెరిచి నేల మీద పెట్టుకుని, వేలు పెట్టి చదివేది. నేను తమ్ముడి మీదుగా మెడ చాచి ఆ వేలి వెంట చదివేదాన్ని.

అందువల్ల పాఠం నా పాదాల దగ్గర మొదలై అక్క ఒడి వైపు నడిచిపోయేది. ఆమె వేలు నా కుడిచేతి వైపు నుంచి ఎడమచేతి వైపుకు సాగేది. చదువంటే అలాగే ఉంటుందనుకున్నాను. పుస్తకంలో ఆవు మాత్రం వెల్లకిలా పడి కాళ్ళు పైకెత్తుకుని ఉండేది. దానికీ నేనొక సమాధానం చెప్పుకున్నాను. పుస్తకం అక్కది గనుక బొమ్మలు అక్క వైపుకు వేశారు, చదువు నాకు గనుక అక్షరాలు నా వైపుకు వేశారు. నా ఏడేళ్ళ బుర్రకు అది చక్కగా అతికింది. తలకట్టు అక్షరం కాళ్ళ దగ్గర ఉంటే దానికి తలకట్టని పేరెందుకు పెట్టారని ఒకసారి అడిగాను. “పెద్దోళ్ళు పెట్టిన పేరు. నీకెందుకు మే, చదువు” అంది అక్క. చదివాను.

రాయడమూ అంతే. పక్కన ఇంత ఇసుక పరుచుకుని, చూసిన అక్షరాన్ని చూసినట్టే వేలితో దించేదాన్ని. ఎదురుగా ఉన్న అక్కకు అవి తిన్నగానే కనిపించేవి. “ముత్యాలు పేర్చినట్టు రాస్తా ఉండావే” అని మురిసిపోయేది. రాసే నాకూ తెలియలేదు, దిద్దే అక్కకూ తెలియలేదు. ఆ పంచలో మేమిద్దరం ఉన్నంతసేపు అది పొరపాటే కాదు.

ఒప్పజెప్పే రోజు దగ్గరపడుతుండగా మా నాయన పడవ వచ్చింది. అమ్మ భయపడుతూనే సంగతి చెప్పింది. ఆయన నన్ను పిలిచి, “నిజంగా చదువొచ్చునా, ఊరికే అంటా ఉండావా?” అని అడిగాడు. వచ్చునన్నాను. ఆయన తాడు పేనుకుంటూనే ఒక మాట అన్నాడు. “చాప మీద మళ్ళా మొదట్నించి కూర్చోబెట్టేదానికైతే నేను పంపించను. అన్నేళ్ళు మీ అమ్మ ఒక్కతే ఈదలేదు. బల్ల ఎక్కిస్తే మాత్రం పో. బిడ్డను మీ అమ్మ పొలానికి ఎత్తుకుపోయి గట్టు మీద ఉయ్యాల కట్టుకుంటాది.” అమ్మ సరేనంది. నాయన పడవను ఇంకొకరికి అప్పగించి ఆ విడత ఆగిపోయాడు. గూడూరుకు పోయి కొత్త గంప, దాని నిండా బొరుగులు, బెల్లం తెచ్చాడు. నాకున్నది ఆ ఒక్క అవకాశమేనని ఆ గంపను చూస్తే తెలిసింది.

ఆ పొద్దు అమ్మ నాకు తల అంటి రెండు జడలు వేసింది. రిబ్బన్లు అక్కవి. పాకలో అప్పటికే క్రిస్మస్‌కు సరుగుడు కొమ్మలు కట్టారు. పచ్చి ఆకు వాసన, బెల్లం వాసన కలిసి వస్తున్నాయి. గుడి పెద్దలు బల్లల మీద కూర్చున్నారు. మా నాయన గంప పక్కన పెట్టుకుని వెనక గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. నా ముందు ఇద్దరో ముగ్గురో పిల్లలు ఒప్పజెప్పారు. వాళ్ళు తడబడిన చోట్ల నేను మనసులో అందిస్తూనే ఉన్నాను. నాకు భయం లేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, భయపడి ఉంటే తర్వాత అంత ఉడుకుమోత్తనం ఉండేది కాదు.

అయ్యవారు నన్ను పిలిచి వాచకం తెరిచి చేతికిచ్చారు. నేను అందుకుని, చదవడానికి వీలుగా తిప్పుకున్నాను.

“అయ్యోరా, ఆవు ఎల్లకిలా పడిపొయ్యింది!” అని చాప మీద నుంచి ఎవడో అరిచాడు. పాకంతా నవ్వింది. అయ్యవారు కూడా నవ్వుతూనే పుస్తకాన్ని నా చేతుల్లో తిప్పి పెట్టారు. చూస్తే అందులో నాకు తెలిసిన అక్షరం ఒక్కటీ లేదు. మళ్ళీ తిప్పుకున్నాను. ఆయన మళ్ళీ తిప్పారు. ఈసారి నవ్వలేదు. సొంత ఇంటికి వచ్చి తలుపు ఎటుందో తెలియక గోడలు తడుముకునే మనిషిలా అయిపోయాను.

“అట్టా గాదు అయ్యోరా, తలకిందులుగా ఉండాది” అన్నాను.

అంతకంటే ఆ పాకలో నవ్వొచ్చే మాట ఇంకొకటి ఉండదు. తలపాగా సర్దుకుంటూ ఒక పెద్దాయన, “ఓసి నీ తెలివి తెల్లారా! అయ్యోరికే పాఠం చెప్తా ఉండాది” అన్నాడు. నవ్వులు ఆగలేదు. ఏం చెయ్యాలో తోచక నేను కళ్ళు మూసుకుని, నాకు వచ్చిన మొదటి పాఠం గడగడా అప్పగించేశాను. నాకు చదువొచ్చునని వాళ్ళకు ఎలాగైనా తెలియాలి. కానీ ఆయన తీసి ఇచ్చిన పేజీలో ఉన్నది ఆ పాఠం కాదు.

అయ్యవారు పుస్తకం నా చేతుల్లోంచి తీసుకున్నారు. “ఇది చదువు గాదమ్మా, చిలక పలుకులు. విని బట్టీ పట్టినావు. పుస్తకం ఎట్టా పట్టుకోవాల్నో గూడా తెలీదు నీకు.”

“కాదు అయ్యోరా, దానికి చదువొచ్చు. నేనే నేర్పినా” అంటూ పక్కింటి అక్క బల్ల మీద నుంచి లేచి నిలబడింది. అదే ఆమె చేసిన తప్పయింది. పెద్దల ముందు బడి నవ్వులపాలైందన్న చికాకులో ఉన్నారాయన. “నువ్వేనా నేర్పింది? బాగానే నేర్పినావు. చెయ్యి చాపు” అని వెదురు బద్ద తీసుకున్నారు. ఆయన చెడ్డవారు కాదు. జ్వరాలు వస్తే ఇంటింటికీ వచ్చి పక్కన కూర్చుని ప్రార్థన చేసే మనిషి. కానీ ఆ పొద్దు అక్క కుడి అరచెయ్యి ఎర్రగా కందిపోయే దాకా కొట్టారు. ఆమె ఏడవలేదు. నా వైపే చూస్తూ ఉండింది. ఏమైంది మే నీకు అని అడుగుతున్నట్టు ఉంది ఆ చూపు. నాకే తెలియనిది ఆమెకేం చెప్పను?

ఒప్పజెప్పని వాళ్ళ బొరుగులు ఎవరూ తినరు, అది మా ఊరి పద్ధతి. నాయన గంప మీద తువ్వాలు కప్పి నెత్తికెత్తుకున్నాడు. ఇంటికి వచ్చాక గంపను మూలన దించి, “ఇంక బడి మాట ఎత్తబాకండి” అన్నాడు. అమ్మతో అన్నాడు, నాతో కాదు. నాతో అని ఉంటే ఎదురు చెప్పేదాన్ని.

నాకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. తప్పు చేసినవాళ్ళకైనా తమ తప్పేమిటో తెలుస్తుంది. నాకు అదీ తెలియదు. నిన్నటిదాకా నాతో మాట్లాడిన అక్షరాలు ఇవాళ నలుగురిలో నన్ను ఎరగనట్టు మొహం తిప్పుకున్నాయి. మధ్యాహ్నం అన్నం ముందు ప్రార్థన చెయ్యనని మొండికేశాను. నాకు చదువొచ్చునని దేవుడికి తెలుసు కదా, మరి అక్కడ ఎందుకు ఊరకున్నాడని నా కోపం. అమ్మ నన్ను కొట్టలేదు. తనే రెండోసారి కళ్ళు మూసుకుని నా వంతు ప్రార్థన కూడా చేసేసింది.

పొద్దు వాలే వేళకు అమ్మగారు మా వాకిట్లోకి వచ్చారు, వెనకాలే అక్క. తర్వాత ఎప్పుడో అమ్మగారే చెప్పారు నాకు. అక్క ఇంటికి కూడా పోకుండా వాళ్ళ వంటింటి తలుపు దగ్గర నిలబడి, “నన్ను కొట్టినా పర్వాలేదు, ఆ పిల్లకు చదువొచ్చు. మీరొచ్చి ఒక్కతూరి వినండి. రానంటే నేను ఈడనుంచి కదల్ను” అందట. పని తెమిలి అమ్మగారు బయల్దేరే దాకా అక్కడే నిలబడిందట.

చదవమంటే నేను చదవనన్నాను. బతిమాలితే గోడ వైపుకు తిరిగాను. ఇంతలో తమ్ముడు ఏడుపు మొదలుపెట్టాడు. అలవాటు చొప్పున కాళ్ళు చాపి వాణ్ణి పడుకోబెట్టుకున్నాను. అక్క వెళ్ళి నా పాదాల అవతల తన చోట్లో కూర్చుని, పుస్తకం తెరిచి, ఎడమచేతి వేలు లైను మీద పెట్టింది. ఆ వేలు కదిలితే ఊరుకోవడం నాకు చేతకాదు. చదవడం మొదలుపెట్టాను. అమ్మగారు నా పక్కన గడప మీద చతికిలబడి, నా భుజం మీదుగా వంగి చూశారు.

“ఉండుండు. యాడ చదవతా ఉండావు? నాకు ఒక్క ముక్క కనపడ్డం లేదే” అన్నారు.

“ఇదిగో, ఈడ” అని చూపించాను. ఆమె తల అటు వంచి చూశారు, ఇటు వంచి చూశారు. ఇంకో పేజీ తియ్యమన్నారు. అదీ చదివాను. తన సంచీలోంచి గుడిలో పాడుకునే పాటల పుస్తకం తీసి, “పాటలొద్దు, అవి వినుంటావు” అని మొదట్లో ఉన్న, ఎవరూ చదవని ముందుమాట తెరిచి, అక్క ముందు అక్క వైపుకే పెట్టారు. అందులో నాకు ఒక్క మాటా అర్థం కాలేదు. ఒత్తులు వచ్చిన చోటల్లా తట్టుకుంటూ, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. సగం పేజీ అయ్యేసరికి అమ్మగారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

“నవ్వబాకండి!” అని అరిచాను. తమ్ముడు ఉలిక్కిపడ్డాడు.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. “నిన్ను చూసి గాదమ్మే. మా ఆయన్ను, నన్ను, ఆ పెద్దోళ్ళనందర్నీ తల్చుకోని నవ్వొచ్చింది. పొద్దున పుస్తకం ఎట్టా పట్టుకున్నావో అందరం చూసినాం. నువ్వు యాడ కూర్చోని నేర్చుకున్నావో ఒక్కరం అడగలా.”

అప్పుడు విడమరిచి చెప్పారు. అక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, “అయ్యో, నేనే తలకిందులుగా నేర్పినానా!” అంది. “నువ్వు బాగానే నేర్పినావు. దాని కాళ్ళ మీద బిడ్డ ఉండాడు, అది ఎట్టా తిరిగొస్తాది?” అన్నారు అమ్మగారు. ఆ తర్వాత చీర కొంగు నా ముందు పరిచి, “చదువు ఒప్పజెప్పినాక బొరుగులు పెట్టరా మీ ఇంట్లో? నాకు ఆకలేస్తా ఉండాది” అన్నారు.

అమ్మ గంపను తెచ్చి నా పక్కన పెట్టింది. బిడ్డ కాళ్ళ మీద ఉన్నాడు, లేవలేను. కూర్చున్న చోటి నుంచే అమ్మగారి కొంగులో పిడికెడు బొరుగులు పోశాను. అమ్మకు పెట్టాను. అక్క ఎడమచెయ్యి చాపింది. “ఎడంచేత్తో తీసుకుంటారా తినేదాన్ని?” అని అమ్మ నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది. వెంటనే ఆమె చూపు అక్క కుడిచేతి మీద పడింది. ఆ ఎడమ అరచేతిలో నేను బొరుగులు పోస్తే, పైన ఒక పెద్ద బెల్లం గడ్డ అమ్మే పెట్టింది. వాకిట్లో పడవ తాళ్ళు సర్దుతున్నట్టు నటిస్తున్న మా నాయన లేచి వచ్చి, రెండు చేతులూ దోసిలి పట్టి నా ముందు వంగాడు. ఆయన చేతులకు పడవ తాడు మచ్చలున్నాయి. వాటి మీద బొరుగులు పోశాను.

ఇక్కడితో ఆగితే బాగుంటుంది. కానీ నా బతుకు అక్కడ ఆగలేదు. మర్నాడు అమ్మగారు భర్తకు సంగతంతా చెప్పారు. ఆయన, “నిజమే కావచ్చు. కానీ తిన్నగా ఉన్న పుస్తకం ఇప్పటికీ చదవలేదు గదా. పెద్దల ముందర అన్న మాట ఎట్టా తిప్పుకునేది? జూన్‌లో రమ్మను, తిన్నగా చదివితే బల్ల ఎక్కిస్తా” అన్నారట. ఆ మాటలో న్యాయం ఉంది. ఇన్నేళ్ళ తర్వాత ఒప్పుకోవాలి. దేవుడు నన్ను క్షమించాలి, పూర్తిగా మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేకపోతున్నాను.

జూన్ అయితే జూనే అని మేము పనిలో పడ్డాం. పుస్తకాన్ని ఒక్కసారిగా తిప్పితే నాకు మళ్ళీ అ ఆల దగ్గరికి పోయినట్టే ఉంది. అమ్మగారే ఉపాయం చెప్పారు. “పడవను కాలవలో ఒక్కసారిగా తిప్పితే ఒడ్డుకు కొట్టుకుంటాది. కొంచెం కొంచెంగా మళ్ళించాల. రోజూ నువ్వు ఇంత జరిగి కూర్చో” అని అక్కతో అన్నారు. నేను కదలలేను గనుక అక్క కదిలింది. పుస్తకం ఎప్పటిలా అక్క వైపుకే ఉండేది. ఆమె రోజూ జానెడో బెత్తెడో నా వైపుకు జరిగేది. అమ్మ నీళ్ళ కుండలు తీసి అవతల పెట్టింది.

అది నేర్చుకోవడం కాదు, నేర్చుకున్నదాన్ని వదిలించుకోవడం. అంతకంటే చికాకైన పని నాకు ఇప్పటికీ తెలియదు. అక్క నాకు పక్కవాటుగా కూర్చున్న రోజులు మరీ దారుణం. అక్షరాలు అటూ కావు, ఇటూ కావు. గాలికి వాలిన సరుగుడు కొమ్మల్లా అన్నీ ఒక పక్కకు ఒరిగి ఉండేవి. తల నొప్పి పుట్టేది. పుస్తకం విసిరికొట్టేదాన్ని. నీ వల్లే ఇదంతా అని అక్కను తిట్టేదాన్ని. ఆమె పుస్తకం తెచ్చి దుమ్ము దులిపి, “అయిపొయ్యిందా? ఇంకా తిట్లు ఉండాయా?” అని అడిగి, మళ్ళీ వేలు పెట్టేది.

కోతలు మొదలయ్యే రోజుల్లో ఒక సాయంత్రం చదువుతూ ఉంటే అక్క భుజం నా భుజానికి తగిలింది. ఎప్పుడు అంత దగ్గరికి వచ్చిందో నాకు తెలియలేదు. ఆమె కూడా నాలాగే గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పుస్తకం మా ఇద్దరి మధ్యా ఉంది. పేజీ తిప్పితే ఆవు నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది.

జూన్ వచ్చింది. దానికి ముందే చెల్లెలు పుట్టింది. తమ్ముడు నడక నేర్చి నా కాళ్ళ మీద నుంచి దిగీ దిగకముందే చెల్లెలు వచ్చి ఆ చోట్లో పడుకుంది. నాయన మాట తప్పలేదు, కానీ ఇద్దరు బిడ్డల్ని చంకనేసుకుని ఏ తల్లి కూలికి పోగలదు? ఎవరినీ అనడానికి లేదు. అనడానికి లేకపోవడమే ఎక్కువ బాధ. తర్వాత ఎన్నో ఆదివారాలు ఆ బల్ల మీద పెద్దదాన్నై కూర్చున్నాను. ఒక్కసారైనా అది నేను ఎక్కిన బల్ల అనిపించలేదు.

కానీ చదువు ఆగలేదు. అక్క తనకు దొరికిన ప్రతి పుస్తకాన్నీ మా పంచలోకి తెచ్చింది. ఇప్పుడు నా పక్కనే కూర్చునేది. ముత్తుకూరు వైపు ఒక ఊరికి ఆమెను ఇచ్చి పంపే దాకా అలా నేర్పుతూనే ఉంది. నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నది, పొద్దున్నే లేచి వాక్యం చదువుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకోగలుగుతున్నది ఆ పంచలో వచ్చిన చదువుతోనే.

తలకిందుల చదువు కూడా నన్ను వదలలేదు. ఇప్పటికీ మనవరాలు ఎదురుగా కూర్చుని పుస్తకం చదువుతుంటే, ఆ పేజీ ఆమెకంటే ముందు నేనే చదివేస్తాను. “నువ్వు మంత్రగత్తెవా అవ్వా?” అంటుంది. లెక్క అర్థం కాక అది పుస్తకం విసిరేసినప్పుడు, నాకు చెప్పాలనిపించేవి చాలా ఉంటాయి. ఒక్కటీ చెప్పను. మోకాళ్ళు నొప్పి పెట్టినా లేచి, చుట్టూ తిరిగి వెళ్ళి, దాని పక్కన కూర్చుని అటు నుంచి చూస్తాను. చాలాసార్లు ఆ లెక్క అటు నుంచి నిజంగానే కష్టంగా ఉంటుంది. ఆ రోజు నుంచి నేను మోసుకొచ్చింది ఇంతే.

పాక పోయి ఇప్పుడు అక్కడ పెద్ద గుడి కట్టారు. గోడలో ఒక రాయి ఉంది. దాని మీద అయ్యవారి పేరూ అమ్మగారి పేరూ చెక్కి ఉన్నాయి. ఉండవలసినవే, నాకు సంతోషం. అక్క పేరు ఏ రాతి మీదా లేదు. ఆమె ఏ బడిలోనూ పంతులమ్మ కాలేదు. ఆమె చెయ్యి కందిన సంగతి తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. ఆమె కూడా ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది.

అందుకని చదివేవాళ్ళను ఒకటే అడుగుతున్నాను. మీ ఇళ్ళల్లో ఏ పిల్లయినా చదువు నేర్చి, ఆ సంతోషంలో మీ చేతిలో ఇన్ని బొరుగులు పోస్తే, నోట్లో వేసుకునే ముందు ఒక్క క్షణం మా పక్కింటి అక్కను తలుచుకోండి. ఎడమచెయ్యి చాపి నిలబడిన పిల్ల, అంటే చాలు. దేవుడికి ఎవరో తెలుస్తుంది.